షాబాద్ బండ కింద కాపురం

రాత్రి తొమ్మిదిన్నరకు మా ముందు గదిలో ఫిష్ ట్యాంక్ లైటు తీసేసే ముందు నేను కాసేపు ఆగుతాను. ఆ వేళకు తల్లి చేప ఒక పని మొదలుపెడుతుంది. ట్యాంకంతా తిరిగి, అక్కడక్కడా చెదిరిపోయిన పిల్లల్ని ఒక్కొక్కటిగా నోట్లోకి తీసుకుని, పగిలిన పూలకుండీ కింద తవ్వుకున్న గుంతలో వదిలి వస్తుంది. ఒక్కో పిల్ల నువ్వుగింజ కన్నా కాస్త పొడుగు. అంత చిన్నదాన్ని నోట్లో పెట్టుకుని మింగకుండా తెచ్చి దింపుతుంది. తండ్రి గుంత పక్కనే కాపలా ఉంటాడు, ఒకటీ అరా తప్పించుకుంటే వెనక్కి తోస్తాడు. ఆఖరి పిల్ల లోపలికి చేరాకే నేను స్విచ్చి నొక్కుతాను.

మొదటిసారి ఇది చూసిన రాత్రి మా అత్తమ్మ పక్కనే కుర్చీలో ఉంది. చాలాసేపు మాట్లాడకుండా చూసి, "గిది చేపనా, కోడినా? పొద్దుగూకంగనే పిల్లలను గంప కిందికి తోల్కపోతున్నది గదనే" అంది. ఇన్నేళ్లలో సిక్లిడ్ గురించి నేను విన్న మాటల్లో ఇంత సరైన మాట ఇంకొకటి లేదు.

సిక్లిడ్ అన్నది ఒక చేప పేరు కాదు, పెద్ద వంశం పేరు. ఇప్పటిదాకా శాస్త్రవేత్తలు పేరు పెట్టిన రకాలే పదహారు వందలు దాటాయి. దుకాణాల్లో ముక్కోణం ఆకారంలో నిలువుగా తేలే ఏంజెల్, చేతిలోంచి మేత లాక్కునే ఆస్కార్, పళ్లెంలా గుండ్రంగా ఉండే డిస్కస్, చివరికి మార్కెట్లో కూరకు దొరికే తిలాపియా, అన్నీ ఈ వంశమే. వీటి గొంతులో రెండో జత దవడలు ఉంటాయి. మేత వేశాక గమనిస్తే నోరు మూసుకుని నములుతున్నట్టు కనిపించేది అందుకే. వీటిని చాలా చేపల నుంచి వేరు చేసే గుణం మాత్రం పిల్లల్ని సాకడం. చేపల్లో ఎక్కువ భాగం గుడ్లు వదిలేసి వెళ్లిపోతాయి. సిక్లిడ్లు ఉండిపోతాయి.

మా ఇల్లు హైదరాబాద్ పాతబస్తీలో, గౌలిపురాలో ఒక గల్లీ చివర. నేను బడిలో భౌతికరసాయన శాస్త్రం చెబుతాను. 2011లో మా అబ్బాయి పుట్టినరోజుకు ఒక గాజు గోళం, రెండు గోల్డ్‌ఫిష్‌లు కొనుక్కొచ్చాం. పదకొండో రోజుకు రెండూ పోయాయి. పిల్లవాడు అన్నం తినలేదు. రెండిళ్ల అవతల ఉండే చాచా సంగతి తెలిసి వచ్చారు. ఆయన గడియారాలు బాగుచేసే పని చేసేవారు. ఇంట్లో మెట్ల కింద నాలుగడుగుల ట్యాంకు పెట్టి ఏళ్ల తరబడి చేపలు పెంచారు. గోళంలో మిగిలిన నీళ్లను వాసన చూసి, "బేటీ, చేపలు సచ్చిపోలే. ముందుగాల నీళ్లు సచ్చిపోయినయ్" అన్నారు.

చచ్చిన నీళ్లంటే ఏమిటో ఒక సైన్సు టీచరుకు ఆయన చెప్పాల్సి వచ్చింది, కానీ విన్నాక అంతా నా పాఠంలో ఉన్నదే. చేప మొప్పల నుంచి అమ్మోనియా వదులుతుంది. మిగిలిపోయిన మేత కుళ్లినా అమ్మోనియానే. అది విషం. ఒక రకం బాక్టీరియా దాన్ని నైట్రైట్‌గా మారుస్తుంది, అదీ విషమే. ఇంకో రకం బాక్టీరియా ఆ నైట్రైట్‌ను నైట్రేట్ చేస్తుంది, దాన్ని చేప చాలావరకు తట్టుకుంటుంది. ఈ రెండు రకాల సూక్ష్మజీవులూ స్పాంజి మీద, ఇసుకలో, రాళ్లపైన కాపురం పెట్టి సరిపడా పెరగడానికి నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది. కొత్త ట్యాంకులో నీళ్లు పోసి ఆ సాయంత్రమే చేపల్ని వదలడమంటే వాటి మలమూత్రాల్లోనే వాటిని ఉంచడం. గాజు గోళంలోనైతే ఆ సూక్ష్మజీవులకు సరిపడా చోటే ఉండదు. గోళాలు అమ్మకూడదని నా గట్టి అభిప్రాయం.

ఈ సంగతి తెలిసి కూడా 2013 మే నెలలో నేనొక పెద్ద తప్పు చేశాను. అప్పటికి మూడడుగుల ట్యాంకు, పదకొండు చేపలు ఉన్నాయి. సెలవుల్లో ఇల్లు శుభ్రం చేస్తూ ఫిల్టర్ స్పాంజిని నల్లా కింద పెట్టి తెల్లగా వచ్చేదాకా పిండాను. నల్లా నీళ్లలో క్లోరిన్ ఉంటుంది. రెండేళ్లుగా పెరిగిన బాక్టీరియా పది నిమిషాల్లో కొట్టుకుపోయింది. మూడోరోజు ఉదయానికి ఎనిమిది చేపలు పైకి తేలాయి. ట్యాంకులో ఉన్న మా బోరు నీళ్లు క్షార గుణం ఉన్నవి, వాటి పీహెచ్ 8కి దగ్గర. పీహెచ్ 7 నుంచి 8కి పోతే అదే అమ్మోనియాలో విషంగా పనిచేసే భాగం సుమారు పదింతలు అవుతుంది. ఎండాకాలం వేడి దాన్ని ఇంకా పెంచుతుంది. అప్పటినుంచి స్పాంజిని ట్యాంకులోంచే తీసిన ఒక బకెట్ నీళ్లలో రెండుసార్లు ముంచి పిండుతున్నాను, అంతే. మురికిగా కనబడినా వదిలేస్తాను.

పాతబస్తీలో చేపలు పెంచాలనుకునేవాళ్లకు అన్నిటికన్నా ముందు తేల్చుకోవాల్సింది నీళ్ల సంగతి. మాకు రెండు రకాలున్నాయి. నల్లా నీళ్లు మెత్తనివి, బోరు నీళ్లు గట్టివి. బోరు నీళ్లతో కాచిన గిన్నె అడుగున తెల్లటి పొర కడుతుంది, సబ్బు నురగ రాదు. నీళ్లలో కరిగిన లవణాలు కొలిచే చిన్న మీటరు పెట్టి చూస్తే మా బోరు 900 చూపిస్తుంది, నల్లా 300 లోపే. డిస్కస్, ర్యామ్ లాంటివి దక్షిణ అమెరికాలో మెత్తటి, కొంచెం పుల్లటి నీళ్లలో పుట్టినవి. వాటిని తెచ్చి మా బోరు నీళ్లలో వేస్తే బతికినన్నాళ్లూ ముడుచుకునే ఉంటాయి, గుడ్లు పెట్టినా పొదగవు. ఆర్ఓ నీళ్లు పోసి పెంచేవాళ్లున్నారు. కానీ ఆ యంత్రం బయటికి వదిలేసే నీళ్లు చూస్తే, బిందెలు పట్టుకుని వరస కట్టిన రోజులు గుర్తున్న నాకు మనసొప్పదు. ఆఫ్రికాలో మలావి సరస్సు నీళ్లు మాత్రం క్షార గుణం ఉన్నవి, పీహెచ్ ఎనిమిదికి అటూ ఇటూ. గట్టిదనం మధ్యస్థం. ఒక బకెట్ బోరుకు రెండు బకెట్ల నల్లా కలిపితే మా ఇంట్లో వాటికి సరిపోయే నీళ్లు తయారవుతాయి. నల్లా నీళ్లను ఒక రోజంతా బకెట్లో గాలికి ఉంచుతాను, తొందరుంటే హైపో గడ్డ ఒక పలుకు వేస్తాను. పాత ఫోటో స్టూడియోల్లో వాడిన ఆ సోడియం థయోసల్ఫేటే.

రాళ్లు కొనాల్సిన పని కూడా రాలేదు. మా పాత ఇంటి వసారాలో షాబాద్ బండలు తీసి టైల్స్ వేయించినప్పుడు ముక్కలు మిగిలాయి. షాబాద్ బండ సున్నపురాయి. నిమ్మరసం పిండి చూస్తే సన్నగా బుడగలొస్తాయి. ట్యాంకులో అది కొద్దికొద్దిగా కరిగి నీళ్లు పులిసిపోకుండా ఆపుతుంది. మలావి చేపలకు ఇది వరం. మెత్తటి నీళ్లు కావాల్సిన చేపలున్నచోట ఈ బండ పెట్టకూడదు. అక్కడ మన హైదరాబాద్ గ్రానైట్ ముక్కలు పెట్టుకోవచ్చు, వాటివల్ల నీళ్లు మారవు. మలావిలో బండల మధ్య బతికే చేపల్ని ఆ తీరం మనుషులు 'ఎంబునా' అంటారు. రాతిచేప అని అర్థం. పలకలు ఒకదాని మీద ఒకటి ఆనించి గుహలు కడితే ఆ చేపలు రోజంతా వాటిలో దూరుతూ, ఒకదాన్నొకటి తరుముతూ ఉంటాయి. బండల్ని ముందు గాజు అడుగున పెట్టి, ఆ తర్వాతే ఇసుక పోయాలి. ఇసుక మీద పెడితే చేపలు కింద తవ్వేస్తాయి, బండ జారి గాజు పగులుతుంది.

బరువు సంగతి కూడా చెప్పాలి. మూడడుగుల పొడవు, అడుగున్నర వెడల్పు, అడుగున్నర ఎత్తు ట్యాంకులో 190 లీటర్ల దాకా నీళ్లు పడతాయి. గాజు, ఇసుక, బండలు కలిపితే రెండున్నర క్వింటాళ్లు. మా గల్లీల్లో దూలాల మీద కట్టిన మిద్దెలు ఇంకా ఉన్నాయి. అలాంటి ఇళ్లలో కింది గదిలో, నేల మీదే పెట్టాలి.

ఎండాకాలం మాకు కష్టకాలం. నీళ్లు వేడెక్కేకొద్దీ వాటిలో ఆక్సిజన్ తగ్గుతుంది. 20 డిగ్రీల దగ్గర లీటరుకు 9 మిల్లీగ్రాములు పట్టే నీళ్లు 30 డిగ్రీల దగ్గర ఏడున్నరే పడతాయి. కరెంటు పోయి మోటరు ఆగితే చేపలు గంటలోనే పైకొచ్చి నోళ్లు తెరుస్తాయి. ఛార్జింగ్ ఎయిర్ పంపు ఒకటి ఎప్పుడూ నిండుగా ఉంచుకుంటాను. ట్యాంకు మూత తీసి టేబుల్ ఫ్యాను నీళ్ల మీదికి తిప్పితే రెండు మూడు డిగ్రీలు తగ్గుతుంది. అలా ఆవిరైపోయేది నీళ్లే, లవణాలు ట్యాంకులోనే ఉండిపోతాయి. అందుకే తగ్గినంత నింపడానికి బోరు నీళ్లు వాడను, నల్లావే పోస్తాను.

ఇక పిల్లల పెంపకానికొస్తే, మొదలుపెట్టేవాళ్లకు నేను చెప్పేది మధ్య అమెరికా నుంచి వచ్చిన చారల చేప. జైలు ఖైదీల బట్టల్లా నల్లచారలున్నందుకు దానికి కాన్విక్ట్ అని పేరు. గట్టి నీళ్లు దానికి ఇబ్బంది కాదు. చేపల్లో సాధారణంగా మగదే సింగారంగా ఉంటుంది, ఇక్కడ ఆడదాని పొట్ట మీదే నారింజ రంగు మెరుపు. అంగడివాడు చూపించిన ఒక మగ, ఒక ఆడ తెచ్చుకుంటే ఒకదాన్నొకటి చంపుకోవచ్చు. జత కుదర్చడం మన చేతిలో లేదు. ఆరు చిన్న పిల్లల్ని తెచ్చి కలిపి పెంచాలి. కొన్ని నెలలకు రెండు చేపలు ఒక మూల పట్టుకుని మిగతావాటిని దగ్గరికి రానివ్వవు. అప్పుడు ఆ మిగతావాటిని వేరే ట్యాంకుకు మార్చాలి, లేకపోతే వాటి రెక్కలు, ప్రాణాలు దక్కవు.

మా జంట మొదటిసారి కుండీ పెంకు లోపలి వైపు గుడ్లు పెట్టినప్పుడు నాకు భయమేసింది. తినేస్తాయేమోనని పెంకుతో సహా తీసి వేరే డబ్బాలో పెట్టాను. రెండోరోజుకు బూజు పట్టి అన్నీ తెల్లబడ్డాయి. తల్లి ఉంటే రెక్కలతో రాత్రింబవళ్లు నీళ్లు విసురుతుంది, చెడిన గుడ్డును ఏరి తీసేస్తుంది. ఆ పని నా ఎయిర్ పంపు చేయలేకపోయింది. రెండోసారి ముట్టుకోలేదు. కానీ అది ఆషాఢం, లాల్‌దర్వాజ బోనాల ఆదివారం. మా గల్లీలో డప్పులు, పెద్ద స్పీకర్లు తెల్లారేదాకా మోగాయి, కిటికీ అద్దాలు అదిరాయి. పొద్దున చూస్తే పెంకు నున్నగా ఉంది. భయపడ్డ జంట గుడ్లను తినేస్తుందని చాచా అంతకుముందే చెప్పి ఉన్నారు. ఇప్పుడు ట్యాంకు కింద మందపాటి థర్మోకోల్ షీటు ఉంది. బోనాలప్పుడు మూడు వైపులా న్యూస్‌పేపర్లు అంటించి, లైటు ఆర్పేస్తాను.

మూడోసారి మూడువారాల తర్వాత పెట్టాయి. మూడోరోజు గుడ్లు పగిలి తోకలు కదిలాయి. తల్లి వాటిని నోటితో తీసి ఇసుక గుంతలో పోసింది. ఆ మర్నాడు ఇంకో గుంత తవ్వి అందులోకి మార్చింది. ఆ తర్వాత ఇంకో గుంత. వారానికి మొత్తం మంద ఒక్కసారిగా లేచి ఈదింది, పొగమబ్బు కదిలినట్టు. ఫోన్లో ఫోటో తీసి పెద్దది చేసి లెక్కపెడితే 118. వాటి మొదటి మేతకు ఉప్పునీటి రొయ్య గుడ్లు కొనుక్కొచ్చి, సీసాలో ఉప్పునీళ్లు పోసి గాలి పెడితే ఒకటిన్నర రోజులో పొదుగుతాయి. ఆ రొయ్యపిల్లల్ని సన్నటి బట్టలో వడగట్టి వేస్తాను. దొరకనప్పుడు ఉడికించిన గుడ్డు పచ్చసొనను బట్టలో కట్టి ఒక్క చుక్క పిండుతాను. చిటికెడు ఎక్కువైనా నీళ్లు పాడైపోతాయి, కాబట్టి వీలైనంత వరకు రొయ్యపిల్లలే మేలు. డ్రెయినేజీల్లో పట్టి అమ్మే ఎర్ర పురుగుల్ని మాత్రం మా ఇంట్లోకి రానివ్వను.

ఆస్ట్రియా శాస్త్రవేత్త కాన్రాడ్ లారెంజ్ తాను పెంచిన జువెల్ చేపల గురించి 1949లో వెలువడిన పుస్తకంలో ఒక సంఘటన రాశాడు. చీకటిపడే వేళ, తండ్రి చేప నోట్లో వానపాము ముక్క ఉంది. అప్పుడే ఒక పిల్ల దారితప్పి ఎదురైంది. తండ్రి దాన్నీ నోట్లోకి తీసుకుంది. ఒకటి మింగాల్సింది, ఒకటి మింగకూడనిది, రెండూ ఒకే నోట్లో. చేప కదలకుండా నిలబడిపోయింది. కాసేపటికి రెండింటినీ ఉమ్మేసింది. ముందు వానపాము ముక్కను తింది, తింటూ పిల్ల మీద కన్నేసి ఉంచింది. తర్వాత పిల్లను తీసుకుని గూటికి పోయింది. తర్వాత 1973లో నోబెల్ అందుకున్న ఆ మనిషికి, ఆ కొద్ది క్షణాల్లో చేప ఆలోచించినట్టే అనిపించింది. మా గదిలో రోజూ రాత్రి చూస్తున్న నాకు ఆయన మాటలో అతిశయం ఏమీ కనబడదు.

ఈ ఇష్టంలో నాకొక బాధ ఉంది. సిక్లిడ్లు మనకూ సొంతంగా ఉన్నాయి, మా దుకాణాల్లో మాత్రం ఎప్పుడూ కనబడలేదు. మన కోస్తాలో ఉప్పు కలిసిన నీళ్లలో, పులికాట్ లాంటి సరస్సుల్లో దొరికే దువ్వెన చేపే కేరళలో కరిమీన్. 2010లో ఆ రాష్ట్రం దాన్ని తమ రాష్ట్ర చేప చేసుకుంది, మన తెలంగాణ 2016లో కొర్రమీనును చేసుకున్నట్టు. బెర్లిన్‌లో వైద్యుడైన బ్లాక్ 1790లోనే దువ్వెన చేపకు శాస్త్రీయ నామం పెట్టాడు. దీనికి దగ్గరి చుట్టాలు ఎక్కడున్నాయో తెలుసా? మడగాస్కర్‌లో. దువ్వెన చేపకు ఒక చిన్న తోబుట్టువు ఉంది, పసుపు నారింజ రంగులో అరచేతిలో పట్టేంత చేప, ఆరెంజ్ క్రోమైడ్. దాని పిల్లలు తల్లిదండ్రుల ఒంటి మీది జిగురును కొరుక్కుతింటూ పెరుగుతాయని వార్డ్, బార్లో అనే ఇద్దరు 1967లో వివరంగా రాశారు. ఈ చిన్న చేప పెద్ద దువ్వెన చేప ఒంటిని శుభ్రం చేస్తుందని 1972లో ఇంకో పరిశోధన వచ్చింది. పీవీ ఎక్స్‌ప్రెస్‌వే మీద వెళ్తుంటే చేప ఆకారంలో కట్టిన భవనం కనిపిస్తుంది కదా, 2006లో ఏర్పడిన జాతీయ మత్స్య అభివృద్ధి మండలి ఆఫీసు. ఆ పక్కనుంచి వెళ్లినప్పుడల్లా, మన సొంత సిక్లిడ్ ఒక్క జత ఎప్పటికి మా గల్లీకి వస్తుందా అనుకుంటాను.

అలాగే మరో మాట. 118 పిల్లలు పెరిగితే ఏం చేస్తారు? నేను కొన్నిటిని నా దగ్గర చదివే పిల్లలకిచ్చాను, వాళ్లింట్లో ట్యాంకు సిద్ధమయ్యాక, స్వయంగా వెళ్లి చూశాకే. మిగతావి ఒక దుకాణంలో ఇచ్చి మేత తెచ్చుకున్నాను. చోటు లేనప్పుడు కుండీ పెంకు తీసేస్తాను, గుడ్లు పెట్టడం తగ్గుతుంది. ఎక్కువైన చేపల్ని పుణ్యమని చెరువులో వదిలేవాళ్లను చూస్తే మాత్రం ఆగి మాట్లాడతాను. తిలాపియాను 1952లో మన దేశానికి తెచ్చారు. మన చెరువుల్లో అది ఎంతలా అల్లుకుపోయిందో చేపలు పట్టేవాళ్లనడిగితే చెబుతారు. పిల్లల్ని ఇంత జాగ్రత్తగా సాకే వంశం కాబట్టే వేరే నీళ్లలో పడితే అంత వేగంగా పెరుగుతుంది. ఇరవై ఒక్క కమానుల మీర్ ఆలం చెరువు కట్ట మీద నిలబడి ఎవరూ ప్లాస్టిక్ కవరు విప్పకూడదు. నుదుటి మీద బొడిపె ఉన్న ఫ్లవర్‌హార్న్ అదృష్టమని పెద్ద ధర పెట్టి కొని, రెండడుగుల గాజు పెట్టెలో ఒంటరిగా ఉంచి, పెద్దదై విసుగొచ్చాక చెరువులో పారేసేవాళ్లకు కూడా ఇదే నా మాట.

చాచా మూడేళ్ల కిందట పోయారు. ఆయన కొడుకు తమ నాలుగడుగుల ట్యాంకును తోపుడుబండి మీద మా ఇంటికి తెచ్చి, "అబ్బాజాన్ మీకే ఇయ్యమన్నడు, ఆపా" అన్నాడు. అందులో ఇప్పుడు మలావి పసుపు చేపలున్నాయి, ఒక మగ, నాలుగు ఆడవి. వీటి కాపురం వేరే తీరు. మగదాని కింది రెక్క మీద గుడ్లలాగే కనబడే చుక్కలుంటాయి. ఆడది తన గుడ్లను నోట్లోకి ఎత్తుకుని, ఆ చుక్కల్ని కూడా గుడ్లేననుకుని నోటితో అందుకోబోతుంది. ఆ క్షణంలోనే గుడ్లు ఫలదీకరణ చెందుతాయి. ఆ తర్వాత మూడు నాలుగు వారాలు పిల్లలు ఈదేంత పెద్దయ్యేదాకా నోరు తెరవదు, మేత ముట్టదు. ఒక్క మగ ఒక్క ఆడ ఉంటే మగది దాన్ని వేధిస్తుంది, అందుకే నాలుగు ఆడవి. ఉడికించిన పాలకూర, పొట్టు తీసిన బఠాణీ, స్పిరులినా గుళికలు వీటి మేత. మాంసం ఎక్కువైతే కడుపు ఉబ్బి చనిపోవచ్చు.

నాలుగిట్లో ఒకటి ఇప్పుడు చాచా చేత్తో పేర్చిన పలక వెనకే ఉంటోంది. గొంతు కింద ఉబ్బెత్తుగా ఉంది, దవడ మెల్లగా కదుపుతోంది, లోపల గుడ్లను తిప్పుతూ. డొక్కలు లోపలికి పోయాయి. నేను మేత వేసినప్పుడు మిగతావి ఎగబడతాయి, ఇది వాసన తగిలి ఒక అడుగు ముందుకొచ్చి, మళ్లీ వెనక్కి పోతుంది. గోడమీది క్యాలెండర్లో ప్రతిరోజూ పెన్సిలుతో ఒక గీత పెడుతున్నాను. ఇవాళ్టికి పందొమ్మిది.